బల్బు మార్చినా బ్రేక్ లైటు మళ్లీ పోతోందా? హోల్డర్ మార్చుకునే పద్ధతి

నరసాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగి రాజోలు వైపు వస్తున్నాను. చీకటి పడిపోయింది. కాలువ గట్టు మీద రోడ్డు సన్నగా ఉన్నచోట వెనకాల మోటారు సైకిల్ మీద వస్తున్నాయన పక్కకొచ్చి, "ఏవండీ, మీ కారుకి ఎడం పక్క బ్రేకు లైటు వెలగట్లేదండీ, చూసుకోండి" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ బల్బు మార్చి అప్పటికి నెల కూడా కాలేదు. అంతకు ముందు ఏడాదిలోనే అదే వైపు రెండుసార్లు మార్పించాను. షెడ్డుకి తీసుకెళ్లిన ప్రతిసారీ కొత్త బల్బు పెట్టి పంపించారు, కొన్నాళ్లు వెలిగింది, మళ్లీ ఆగింది. ఆ రాత్రి ఇంటికొచ్చి డిక్కీలో టార్చి వేసి చూస్తే బల్బు బాగానే ఉంది. అది కూర్చునే హోల్డర్ లోపల, పూజ గదిలో తోమకుండా వదిలేసిన ఇత్తడి చెంబులాగా, పచ్చగా చిలుము పట్టి ఉంది.

మన గోదావరి డెల్టాలో ఇది చాలా కార్లకి వచ్చే జబ్బు. అంతర్వేది నుంచి ఓడలరేవు మీదుగా కాకినాడ దాకా సముద్రపు గాలి ఉప్పుతోనే వస్తుంది. ఊరి చుట్టూ ఉప్పునీటి రొయ్యల చెరువులు. చేపల లారీ ముందు పోతుంటే ఐసు కరిగిన నీళ్లు రోడ్డు మీద కారుతుంటాయి, అవి చక్రాలకి చిమ్మి మన బండి వెనక భాగానికి పడతాయి. దీనికి తోడు వానాకాలం, వరదలు. హోల్డర్‌లో బల్బుకి ఆనే ఇత్తడి కాంటాక్టుకి ఉప్పు తేమ తగిలిందంటే చిలుము పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఈ పని చిన్నదే కదా అని వాయిదా వేయకండి. మన గట్టు రోడ్లకి ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువో చేనో ఉంటుంది. మీరు ఆగారని వెనకవాడికి ఆలస్యంగా తెలిస్తే, అతను పక్కకి తప్పుకోవడానికి చోటే లేదు. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే మంచు కమ్మినప్పుడు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బళ్లన్నీ బారులు తీరినప్పుడు, వెనకవాడు చూసేది ఆ ఎర్ర వెలుతురునే.

నేను చెప్పేది మామూలు బల్బులు వాడే టెయిల్ లాంపుల (వెనక లైట్ల డబ్బాల) గురించి. మీ కారుకి ఫ్యాక్టరీ నుంచే ఎల్ఈడీ లాంపు వచ్చి ఉంటే దానికి హోల్డర్ అనేది ఉండదు, ఆ పని వేరు.

ముందు జబ్బు ఏదో తేల్చుకోండి

సాయంత్రం కారుని ఒక గోడకి వెనక్కి పెట్టి నిలపండి. సాయానికి మనిషి లేకపోతే ఒక కర్రని బ్రేకు పెడలుకీ సీటుకీ మధ్య ఆనించి పెడలు నొక్కి ఉంచవచ్చు. కొన్ని కార్లలో తాళం తిప్పితేనే బ్రేక్ లైటు వెలుగుతుంది, కాబట్టి ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి చూడండి.

రెండు వైపులా, పైన అద్దం దగ్గరుండే మూడో లైటూ అన్నీ ఆగిపోతే హోల్డర్ జోలికి వెళ్లకండి. ఫ్యూజు చూడండి, అది బాగుంటే పెడలు పైన ఉండే స్విచ్ చూడండి. ఒక్క వైపే వెలగకపోతేనే బల్బు, హోల్డర్, ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి పోయే దారి), ఆ వైపు వైరు అనుమానించాలి.

ఈ లక్షణం మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. బ్రేకు నొక్కితే ఆ వైపు ఇండికేటర్ కూడా మసగ్గా వెలుగుతోందా? పార్కింగ్ లైటు వేసి బ్రేకు నొక్కితే వెలుతురు పెరగాల్సింది పోయి తగ్గుతోందా? అయితే దాదాపుగా అది ఎర్త్ లోపమే. ఒక వైపు లాంపులో ఉన్న బల్బులన్నిటికీ సాధారణంగా ఎర్త్ వైరు ఒక్కటే. అది తెగినా, సరిగ్గా ఆనకపోయినా కరెంటు తిరిగి పోయే దారి దొరక్క పక్క బల్బు తీగలోంచి దూరి పోతుంది. అందుకే వెలగకూడనిది వెలుగుతుంది. ఈ స్థితిలో హోల్డర్ మార్చినా ఫలితం ఉండదు, ఎర్త్ బోల్టు దగ్గరికే వెళ్లాలి. దాని గురించి కింద చెప్తాను.

లాంపు విప్పడం

డిక్కీ తెరవండి. కొన్ని కార్లకి డిక్కీ తలుపు అంచున లాంపు స్క్రూలు పైకే కనిపిస్తాయి. ఇంకొన్నిటికి లోపలి గుడ్డ లైనింగ్ తీస్తే ప్లాస్టిక్ నట్లో, చిన్న స్పానర్‌తో ఊడే నట్లో ఉంటాయి. అవి తీశాక కూడా లాంపు రాకపోతే భయపడకండి. బయటి వైపు అంచున రెండు ప్లాస్టిక్ ముల్లులు బాడీలో గుచ్చుకుని ఉంటాయి. లాంపుని రెండు చేతులా పట్టుకుని నేరుగా వెనక్కి లాగాలి. పక్కకి వంచారంటే ముల్లు విరుగుతుంది. స్క్రూడ్రైవర్‌తో లేపాల్సి వస్తే దాని మొనకి గుడ్డ చుట్టండి, పెయింటు గీసుకుపోదు. లాంపు చేతికి వచ్చాక వైర్ల మీద వేలాడనివ్వకండి.

వెనక హోల్డర్లు కనిపిస్తాయి. బ్రేకు హోల్డర్‌ని ఎడమ వైపుకి పావు చుట్టు తిప్పితే బల్బుతో సహా బయటికి వస్తుంది. ఇత్తడి అడుగున్న గుండ్రటి బల్బయితే లోపలికి నొక్కి ఎడమకి తిప్పి తీయాలి. గాజు అడుగున్నదయితే నేరుగా లాగితే చాలు. ఇరుక్కుని ఉంటే గుడ్డతో పట్టుకోండి, గాజు పగిలితే వేలు తెగుతుంది.

చాలా కార్లలో బ్రేకుకీ టెయిల్ లైటుకీ (పార్కింగ్ లైటు వేస్తే వెనక వెలిగేది) ఒకటే బల్బు ఉంటుంది. అందులో రెండు తీగలు. 12 వోల్టుల మీద బ్రేకు తీగ 21 వాట్లు, టెయిల్ తీగ 5 వాట్లు. ఇత్తడి అడుగున్న ఈ రకం బల్బుకి పక్కనుండే రెండు బొడిపెలు ఒకే ఎత్తున ఉండవు, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి, బల్బు అటుదిటు తిరగబడి ఎక్కకూడదని. ఎవరైనా బలవంతంగా తిప్పి పెట్టి ఉంటే హోల్డర్ గాడి చెదిరిపోయి ఉంటుంది. అది కూడా చూడండి.

కళ్లతో, ముక్కుతో, మీటరుతో

హోల్డర్ లోపల టార్చి వేసి చూడండి. పచ్చటి పొడి ఉంటే చిలుము. ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, అంచులు కరిగి ఉంటే అది వేడెక్కిన గుర్తు. వాసన చూడండి, కాలిన ప్లాస్టిక్ వాసన నెలల తరబడి పోదు. కాంటాక్టుని చిన్న పుల్లతో నొక్కి వదలండి. స్ప్రింగులాగా వెనక్కి రావాలి. నొక్కినచోటే ఉండిపోతే దాని బలం చచ్చిపోయినట్టే.

ఇంత చిన్న బల్బుకి ప్లాస్టిక్ ఎందుకు కరుగుతుంది అనే సందేహం నాకూ వచ్చింది. లెక్క తేలికే. 21 వాట్ల తీగ దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. చిలుము వల్ల కాంటాక్టు దగ్గర అర ఓమ్ అడ్డు ఏర్పడితే, రమారమి 0.8 వోల్టులు అక్కడే పోతాయి. పోవడమంటే వేడిగా మారడం. ఒక వాటుకి పైగా వేడి, గింజంత చోటులో. ట్రాఫిక్‌లో బ్రేకు మీద కాలు పెట్టి నిలబడ్డ ప్రతిసారీ ఇదే జరుగుతుంది. వేడికి స్ప్రింగు మెత్తబడుతుంది, మెత్తబడితే సరిగ్గా ఆనదు, ఆనకపోతే ఇంకా వేడెక్కుతుంది. పైగా బల్బుకి అందే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. లైటు వెలుగుతోందని మనం అనుకుంటాం, వెనకవాడికి మాత్రం సగం సగమే కనిపిస్తుంటుంది.

ఇక మీటరు. ఇక్కడే చాలామంది మోసపోతారు. బల్బు తీసేసి ఖాళీ హోల్డర్‌లో మల్టీమీటరు పెడితే చిలుము పట్టిన కాంటాక్టు దగ్గర కూడా 12 వోల్టులు చూపిస్తుంది. ఎందుకంటే మీటరు కరెంటేమీ లాగదు. అడ్డు ఉందో లేదో తెలియాలంటే కరెంటు పారాలి. కాబట్టి బల్బు పెట్టి, బ్రేకు నొక్కి ఉంచి కొలవండి. బల్బు అస్సలు వెలగకపోతే కరెంటు పారనట్టే, అప్పుడు ఈ కొలతని నమ్మకండి, కింద చెప్పే టెస్ట్ లాంపు వాడండి. మీటరు ఒక కొన హోల్డర్ ఎర్త్ వైరు మొదట్లో, ఇంకో కొన శుభ్రంగా గీకిన బాడీ బోల్టు మీద పెట్టండి. 0.2 వోల్టుల లోపు రావాలి. అంతకంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ దారిలో అడ్డు ఉంది. తర్వాత ఒక కొన బ్రేకు వైరు మీద, ఇంకోటి ఎర్త్ వైరు మీద పెట్టండి. బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా వచ్చి, అయినా బల్బు మసగ్గా ఉందంటే తప్పు హోల్డర్ లోపలే.

మీటరు లేకపోతే పాత 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు అతికించి టెస్ట్ లాంపు చేసుకోండి. అది కరెంటు లాగుతుంది కాబట్టి అబద్ధం చెప్పదు. మన ఆటో ఎలక్ట్రీషియన్లు ఏళ్ల తరబడి వాడేది అదే, ఈ పనికి నేను కూడా దాన్నే ఎక్కువ నమ్ముతాను.

శుభ్రం చేయాలా, మార్చాలా?

చిలుము పైపైన ఉండి, స్ప్రింగు బలంగా ఉండి, ప్లాస్టిక్ గట్టిగా ఉంటే సన్న ఎమరీ పేపరుని పుల్లకి చుట్టి రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెడితే సరిపోతుంది. కరిగినా, వదులైనా, వైరు లోపలి రాగి నల్లబడినా మార్చడమే మంచిది. కాంటాక్టుని కాస్త పైకి వంచి పని కానిచ్చేస్తే ఒక నెల వెలుగుతుంది. నేను రెండోసారి మార్పించినప్పుడు జరిగింది అదే.

కొట్టుకి వెళ్లేటప్పుడు పాత హోల్డర్‌నీ బల్బునీ చేత్తో పట్టుకెళ్లండి. కారు పేరు చెప్పి తెచ్చుకుంటే ఒకే కారులో రెండు ఏళ్ల మోడళ్లకి రెండు రకాలుంటాయి, సరిపోదు. అమలాపురం, భీమవరం, రాజమండ్రి లాంటి చోట్ల ఆటో ఎలక్ట్రికల్ కొట్లలో వైర్లతో సహా హోల్డర్ దొరుకుతుంది. కొత్త బల్బుని అందులో పెట్టి బిగువు చూశాకే డబ్బులివ్వండి. కొన్ని కార్లకి హోల్డర్లన్నీ కలిపి ఒకే పలకలా ఉంటాయి, వాటికి పలక మొత్తం మార్చాలి, అతుకులు వేయకండి. బల్బు కూడా అదే వాట్లది కొనండి. ఎక్కువ వెలుతురని పెద్ద వాట్ల బల్బు పెడితే కొత్త హోల్డర్ కూడా కరుగుతుంది.

వైర్లు కలపడం

కొత్త హోల్డర్‌కి కప్లర్ (వైర్ల చివరి ప్లగ్గు) కూడా వచ్చి ఉంటే మీ అదృష్టం, తీసి గుచ్చడమే. వైర్లు మాత్రమే వస్తే కోసి కలపాలి. కోసే ముందు ఏ వైరు దేనిదో గుర్తు పెట్టుకోండి. మూడు వైర్లుంటాయి: ఎర్త్, టెయిల్, బ్రేకు. పార్కింగ్ లైటు ఒక్కటే వేసి టెస్ట్ లాంపుతో ఏది వెలిగిస్తుందో చూడండి, అది టెయిల్. దాన్ని ఆపి బ్రేకు నొక్కినప్పుడు వెలిగించేది బ్రేకు వైరు. ఒక్కోదానికి కాగితం ముక్క అంటించి రాసుకోండి. కొత్త హోల్డర్ వైర్ల రంగులు కారు రంగులతో కలవాలని లేదు, కాబట్టి పని చూసి కలపాలి. టెయిల్, బ్రేకు తారుమారైతే పార్కింగ్ లైటు వేయగానే బ్రేకంత వెలుతురు వస్తుంది, బ్రేకు నొక్కినా వెనకవాడికి తేడా తెలియదు.

ఇప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. గడియారం సెట్టింగులు పోతాయి, మళ్లీ పెట్టుకోవచ్చు.

కారు వైపు కనీసం నాలుగు వేళ్ల పొడుగు వైరు మిగిలేలా కోయండి. చివర్న తోలు తీసి చూడండి. రాగి ఎర్రగా మెరవాలి. నల్లగా ఉంటే ఇంకాస్త వెనక్కి కోయండి. ఉప్పు నీరు వైరు తోలు లోపల పోగుల మధ్య నుంచి దీపపు ఒత్తిలో నూనె ఎక్కినట్టు పైకి ఎక్కుతుంది. నల్లటి రాగి మీద ఎంత బాగా అతికినా అది పట్టదు. మెరిసే రాగి రావడానికి నా కారులో దాదాపు జానెడు కోయాల్సి వచ్చింది. మధ్యలో అతుకు వేయాల్సి వస్తే సన్న పోగుల ఆటో వైరు, 0.75 లేదా 1 చదరపు మిల్లీమీటరుది వాడండి. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ఒంటి తీగ వైరు వద్దు, బండి కుదుపులకి విరిగిపోతుంది.

కలపబోయే ముందే ప్రతి వైరుకీ హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ గొట్టం) ఎక్కించి దూరంగా జరిపి పెట్టుకోండి. కలిపాక ఎక్కించడానికి దారి ఉండదు. లోపల జిగురున్న స్లీవ్ దొరికితే అదే కొనండి, వేడి చేసినప్పుడు జిగురు కరిగి తేమకి దారి మూసేస్తుంది. మూడు అతుకులూ పక్కపక్కన రాకుండా ఒకటి ముందు, ఒకటి వెనక వచ్చేలా వైర్ల పొడవు మార్చండి. సోల్డరింగ్ వచ్చినవాళ్లు పోగులు అల్లి టంకం వేయండి, లేదంటే క్రింపింగ్ కనెక్టర్ (వైర్లు దూర్చి నొక్కే లోహపు గొట్టం) వేసి ప్లయర్‌తో గట్టిగా నొక్కి, లాగి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడాలి.

మెలిపెట్టి టేపు చుట్టేస్తే చాలదా అని అడుగుతారు. మన దగ్గర చాలదు. రోహిణి కార్తె ఎండకి టేపు జిగురు కరిగి జారుతుంది, తొలకరికి తేమ లోపలికి పోతుంది. పాత కారు ఏది విప్పినా ఆ నల్లటి జిగట చేతికి అంటుకుంటుంది.

వైరు కట్టేటప్పుడు హోల్డర్‌కి కాస్త కిందికి వేలాడేలా ఒక వంపు ఉంచండి. ఇంటి మీటరు దగ్గర సర్వీసు వైరుని అలాగే వంపు తిప్పి లోపలికి తెస్తారు కదా, నీటి బొట్టు వంపు దగ్గర కిందపడుతుంది, హోల్డర్ దాకా ఎక్కదు.

ఎర్త్ బోల్టు

టెయిల్ లాంపు ఎర్త్ వైరు దగ్గర్లోనే ఎక్కడో బాడీకి బోల్టుతో బిగించి ఉంటుంది. లైనింగ్ కింద వెతకండి. బోల్టు తీసి, వైరు చివర ఉన్న రింగునీ అది ఆనే రేకునీ ఎమరీతో మెరిసేదాకా రుద్దండి. బిగించాక పైన కాస్త గ్రీజు పూయండి. కింద రంగు వేసి పైన బిగిస్తే కరెంటు పోదు, కాబట్టి ముందు బిగింపు, తర్వాతే పూత. హోల్డర్ బాగున్నా లేకున్నా ఈ పని చేయండి. లాంపు విప్పారు కాబట్టి పది నిమిషాలకి మించదు.

హోల్డర్ కాంటాక్టులకి మాత్రం సిలికాన్ గ్రీజు వాడాలి, అదీ వేలి మొనతో పల్చగా. చక్రాల బేరింగు గ్రీజు పెట్టకండి.

నీళ్లు ఎటు నుంచి వచ్చాయి?

ఇది వదిలేస్తే మళ్లీ ఏడాదికి ఇదే పని. లాంపుకీ బాడీకీ మధ్య స్పాంజిలాంటి గాస్కెట్ ఉంటుంది. నొక్కితే తిరిగి ఉబ్బాలి. చపాతీలా అణిగిపోయినా, పొడిపొడిగా రాలుతున్నా మార్చండి. హోల్డర్ చుట్టూ రబ్బరు రింగు ఉంటే అది కూడా. లాంపు గ్లాసు మీద సన్న పగులుందేమో వెలుతురుకి పెట్టి చూడండి. లాంపు కింది భాగంలో చిన్న రంధ్రం కనిపిస్తే దాన్ని సిలికాన్‌తో మూయకండి. లోపల చేరిన తేమ పోవడానికే ఆ దారి. మూస్తే నీళ్లు లోపలే నిలుస్తాయి.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఇదే అదనుగా లైనింగ్ కింద చేయి పెట్టి చూడండి. 2022 జులైలో గోదావరి పోటెత్తి లంక గ్రామాలు మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన బళ్లు ఎన్నో. వైర్ల కట్ట మడతల్లో ఎండిన ఒండ్రు కనిపిస్తే ఆ కారుకి ఒక్క బ్రేకు హోల్డర్‌తో ఆగదు, వైరింగ్ మొత్తం మంచి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

బిగించి చూడడం

హోల్డర్ గుచ్చి కుడికి తిప్పి, లాంపు ఇంకా చేతిలో ఉండగానే బ్యాటరీ కలిపి అన్నీ వెలిగించి చూడండి. పార్కింగ్ ఒక్కటే, బ్రేకు ఒక్కటే, రెండూ కలిపి, బ్రేకు నొక్కి ఇండికేటర్ వేసి, చివరికి రివర్సు. రెండో వైపు లాంపుతో పోల్చండి, వెలుతురు సమానంగా ఉండాలి. అయిదు నిమిషాలు బ్రేకు నొక్కి ఉంచి హోల్డర్ వెనక భాగం ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి పెట్టలేనంత వేడి ఉన్నా, వాసన వచ్చినా ఆపి అతుకులు మళ్లీ చూడండి.

ఫ్యూజు కాలితే ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం. అదే ఆంపియర్ల ఫ్యూజు పెట్టి ఆ చోటు వెతకండి. పెద్ద ఫ్యూజు పెట్టడం, రాగి తీగ చుట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆ తర్వాత కాలేది వైరింగే, అది డిక్కీలో గుడ్డ లైనింగ్ పక్కనే ఉంటుంది.

అన్నీ సరిగ్గా ఉంటే లాంపు ముల్లుల్ని రంధ్రాల్లో గుచ్చి, నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. ఒకటే ముందు పూర్తిగా బిగిస్తే గాస్కెట్ ఒక పక్క నొక్కుకుపోయి రెండో పక్క సందు ఉంటుంది. లైనింగ్ ఇప్పుడే మూయకండి. ఒక బకెట్ నీళ్లు లాంపు పైనుంచి నెమ్మదిగా పోయండి, లోపలికి వచ్చి లాంపు వెనక రేకు మీద వేలు రాయండి. తడి తగలకపోతే లైనింగ్ మూసేయండి. మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు మాత్రం లైనింగ్ మూల ఒకసారి ఎత్తి, అక్కడే మళ్లీ వేలు రాసి చూడండి.